రాజ్ గోండుల వారసత్వము, విలువలు, ఆచారములు: సంఘ కాపరులకు ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

కోనరావుపేట నుండి ఉత్తరముగా జగిత్యాల, ధర్మపురి మీదుగా వెళ్లి గోదావరి దాటితే లక్షెట్టిపేట, జన్నారం వస్తాయి. అక్కడి నుండి అడవి మొదలై ఉట్నూరు కొండల వరకు సాగుతుంది. ఆ కొండలలో రాజ్ గోండులు తరతరాలుగా నివసిస్తున్నారు. మనకు వారు ఒక పూట బస్సు ప్రయాణమంత దూరములోనే ఉన్నారు. అయినను మన వేదాంత కళాశాలలలో యూదుల పండుగలను గూర్చి, గ్రీకుల తత్త్వమును గూర్చి నేర్చుకొన్నంతగా ఈ పొరుగువారిని గూర్చి మనము నేర్చుకొనలేదు. మన ప్రాంతము నుండి సేవకులు, వేదాంత విద్యార్థులు ఆ గూడేలకు పరిచర్య నిమిత్తము వెళ్తున్నారు. కాబట్టి వారి వారసత్వమును సరిగా తెలిసికొనుట మనకు అవసరము.

ఈ వ్యాసములో చెప్పదలచినది ఒక్కటే. గోండులకు "మతము" అనేది బంధుత్వము నుండి, భూమి నుండి, పూర్వుల జ్ఞాపకము నుండి విడదీసి చూపగల ప్రత్యేక భాగము కాదు. అవన్నీ ఒకే నేతలో పడుగు పేకలవలె కలిసియున్నవి. ఈ సంగతి ఎరుగక, "పాతవన్నీ విడిచిపెట్టుము" అని ఒక విశ్వాసికి చెప్పినట్లయితే, విగ్రహారాధనను మాత్రమే విడువమని చెప్పుచున్నామని మనము తలంచవచ్చును. కాని అతడు విడుచుచున్నది తనకు పిల్లనిచ్చువారిని, తన తండ్రి పాడె మోయువారిని, తన ఇంటి చరిత్ర ఎరిగినవారిని.

1. ప్రజ, పేరు, భాష

"గోండు" అనునది ఇతరులు పెట్టిన పేరు. వారు తమను తాము కోయితూర్ అని చెప్పుకొందురు. మధ్య భారతమంతట విస్తరించిన ఈ ప్రజకు గఢా-మండ్లా, దేవ్‌గఢ్, ఖేర్లా, చాందా అను రాజ్యములు ఉండెను. 1564లో మొగలు సైన్యముతో పోరాడి మరణించిన రాణి దుర్గావతి గఢా-మండ్లాను ఏలిన రాణియే. నేటి చంద్రపూర్ కేంద్రముగా నున్న చాందా రాజ్యము 18వ శతాబ్దములో మరాఠాల వశమాయెను. ఆదిలాబాద్ ప్రాంతపు గోండుల జ్ఞాపకములో ఆ రాజుల కాలము ఇంకను ఉన్నది. వారి పేరులోని "రాజ్" అను మాట ఆ చరిత్రనే గుర్తుచేస్తుంది. వారి చుట్టును కొలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు నివసిస్తున్నారు.

గోండీ ద్రావిడ భాష. భాషాశాస్త్రజ్ఞులు దీనిని తెలుగు ఉన్న ఉపకుటుంబములోనే చేర్చుదురు. అనగా తమిళ కన్నడములకంటె గోండీయే మన భాషకు దగ్గర బంధువు. మన కన్ను వారికి కన్, మన చెయ్యి వారికి కయ్, మన మ్రాను వారికి మరా. 2011 జనగణన ప్రకారము గోండీ మాతృభాషగా గలవారు దేశములో దాదాపు 29 లక్షల 84 వేలమంది. అయినను ఆ భాషకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలములోని గుంజాల గ్రామములో గోండీకి సొంత లిపిలో వ్రాసిన చేతివ్రాత ప్రతులు లభించగా, ఆచార్య జయధీర్ తిరుమలరావు మొదలైనవారు వాటిని వెలుగులోనికి తెచ్చిరి. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానము లభించినది. గోండులకు వ్రాత లేదు, చరిత్ర లేదు అని పలికినవారికి ఆ కాగితములే జవాబు.

2. సగ: బంధుత్వపు నేత

గోండు సమాజమునకు వెన్నెముక "సగ" అను ఏర్పాటు. ప్రతి గోండు కుటుంబము నాలుగు సగలలో ఒకదానికి చెందియుండును. అవి నలుగురు అన్నదమ్ముల వారు, అయిదుగురు అన్నదమ్ముల వారు, ఆరుగురు అన్నదమ్ముల వారు, ఏడుగురు అన్నదమ్ముల వారు. ఆది పూర్వులు ఎందరో, ఆ సంఖ్యయే సగకు పేరు. ఒక్కొక్క సగలో అనేకమైన ఇంటిపేర్లు ఉండును. ఒకే సగలోనివారు, వారి ఇంటిపేర్లు వేరైనను, ఊళ్లు వేరైనను, ఒకరినొకరు ఎన్నడు చూడకున్నను, అన్నదమ్ములు అక్కచెల్లెండ్రే. వారి మధ్య వివాహము నిషిద్ధము. వేరు సగవారు మాత్రమే వియ్యమునకు తగినవారు. మేనరికము మనవలెనే వారిలోను ఇష్టమైన సంబంధము.

ఇక్కడ కాపరి ఒక విషయము జాగ్రత్తగా గమనింపవలెను. మన పద్ధతిలో ఇంటిపేర్లు వేరైతే సంబంధము కుదురును. ఇద్దరు గోండు యౌవనస్థులు విశ్వాసులై యుండగా, ఇంటిపేర్లు వేరు గదా అని కాపరి సంతోషముతో వివాహము జరిగించవచ్చును. వారిద్దరు ఒకే సగవారైతే, ఆ గూడెము దృష్టిలో ఆ కాపరి అన్నకు చెల్లెలినిచ్చి పెండ్లి చేసెను. లేవీయకాండము 18వ అధ్యాయమును బోధించు సంఘము ఇట్టి పని చేసినదని వారు అనుకొంటే, తరువాత ఎన్ని ప్రసంగములు చేసినను ఆ మచ్చ పోదు. ఆ దంపతులకు పుట్టిన పిల్లలకు రేపు సంబంధము దొరకుటయు కష్టమగును. కాబట్టి వివాహ ప్రకటన చేయుటకు ముందు ఇరువురి సగ ఏదో పెద్దలను అడిగి తెలిసికొనుట కాపరి బాధ్యత. దీనికి విగ్రహారాధనతో ఏ సంబంధము లేదు.

3. పెర్సా పేన్, పర్ధాను

గోండీలో "పేన్" అనగా దేవత. ప్రతి వంశమునకు పెర్సా పేన్, అనగా పెద్ద దేవుడు ఉన్నాడు. ఆ దేవునికి మనిషి రూపములో విగ్రహము ఉండదు. ఇనుప బల్లెపు మొన, చామరము ఆయనకు గుర్తులు. వాటిని ఇండ్లలో ఉంచక ఊరి వెలుపల భద్రపరచెదరు. వంశ పూజారిని కటోడ అందురు. మరణించినవారు వంశ దేవుని సన్నిధిలో పూర్వులతో చేరుదురని వారి విశ్వాసము. అందుచేత పెర్సా పేన్ పండుగ ఒకేసారి ఆరాధనయు, వంశ సమావేశమును, చనిపోయినవారి జ్ఞాపకమును అయియున్నది. ఊరికి అకి పేన్ అను కావలి దేవత వేరుగా ఉండును. ఊరి పెద్దను పట్ల అని, ఊరి పూజారిని దేవారి అని పిలిచెదరు.

ఈ వంశ చరిత్రను కాపాడువారు పర్ధానులు. వీరి ఇంటి భాష మరాఠీ అయినను, గోండుల కథలను గోండీలోనే గానము చేయుదురు. కింగ్రి అను తంత్రీవాద్యమును మీటుచు, పహండి కుపార్ లింగాల్ అను వీరుడు గుహలో బంధింపబడిన పూర్వులను విడిపించి, వారిని సగలుగా విభజించి, ధర్మము నేర్పిన వృత్తాంతమును రాత్రులు పాడుదురు. ఒక్కొక్క పర్ధాను కుటుంబమునకు కొన్ని గోండు కుటుంబములు తరతరాల దాతలు. వివాహములలోను, చావు కర్మలలోను పర్ధానుకు కానుకలు ఇవ్వవలెను. అది భిక్షము కాదు, జ్ఞాపకమును కాపాడినందుకు చెల్లించు హక్కు. దాత క్రైస్తవుడై కానుక ఆపివేసినచో పర్ధాను ఇంటిలో పొయ్యి మీద ప్రభావము పడును. ఒక కుటుంబపు మార్పు మరియొక పేద కుటుంబమును తాకుచున్నదని మనము సాధారణముగా ఆలోచించము.

4. ఏడాది పండుగలలో కనబడు విలువలు

పుష్య మాసములో ఇంద్రవెల్లి మండలము కేస్లాపూర్‌లో జరుగు నాగోబా జాతర మెస్రం వంశీయులది. పూజకు ముందు వారు కాలినడకన వచ్చి జన్నారం మండలము కలమడుగు వద్దనున్న హస్తినమడుగులో గోదావరి జలము తీసికొని వెళ్లుదురు. ఆ నది దక్షిణపు ఒడ్డు మన జగిత్యాల జిల్లాయే. పూజకు కావలసిన కుండలు సిరికొండలోని కుమ్మరి కుటుంబము వారు తరతరాలుగా చేసి ఇచ్చుచున్నారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ జరుగును. తరువాత "భేటింగ్" అను కార్యక్రమములో ఆ వంశములోనికి క్రొత్తగా వచ్చిన కోడండ్రను తెల్లని వస్త్రములతో దేవత యెదుటికి, వంశ పెద్దల యెదుటికి తీసికొని వచ్చి పరిచయము చేయుదురు. అప్పటికి గాని ఆ కోడలు వంశములో పూర్తి సభ్యురాలు కాదు. 2022లో అక్కడ నూతన రాతి ఆలయమును మెస్రం కుటుంబములవారు తమ చందాలతోనే పూర్తిచేసిరి. స్వయంపోషణను గూర్చి మన సంఘములలో ఎన్నో సదస్సులు జరిగినవి. చిన్న కమతముల రైతులు ఆ మాట ఎత్తకయే చేసి చూపించిరి.

దీపావళి కాలములో దండారి జరుగును. నెమలి ఈకల కిరీటములు ధరించి, ఒంటికి బూడిద పూసికొని, గుస్సాడీలు బృందముగా ఒక ఊరి నుండి మరియొక ఊరికి నాట్యమాడుచు వెళ్లుదురు. ఆతిథ్యమిచ్చిన ఊరివారు తిరిగి వీరి ఊరికి అతిథులుగా వచ్చెదరు. పెండ్లి సంబంధములు కుదురుటకు, పాత తగవులు తీరుటకు ఈ రాకపోకలే అవకాశము. మార్లవాయి గ్రామస్థుడైన కనకరాజు ఈ నాట్యమును అనేకులకు నేర్పి 2021లో పద్మశ్రీ పొందెను. ఆయన 2024లో మరణించెను.

ఈ ఆచారములలో మూడు విలువలు స్పష్టముగా కనబడును. మొదటిది, ఒంటరిగా ఎవడును మనుష్యుడు కాడు, బంధువులలోనే మనుష్యుడు. రెండవది, పొందినదానికి తిరిగి ఇవ్వవలెను. మూడవది, అడవి ఇచ్చినదానిని ముందుగా సమర్పించకుండ తినరాదు. ఇప్పపువ్వు ఏరుటకు ముందైనను, క్రొత్త పంట తినుటకు ముందైనను మొదటి భాగము దేవతకు, పూర్వులకు ఇచ్చెదరు. ప్రథమఫలముల ధర్మమును ఎరిగిన మనకు ఇది అర్థము కాని సంగతి కాదు.

5. భూమి

గోండుల ఆచారములు భూమి మీద నిలిచినవి. అడవి రిజర్వు చట్టముల క్రింద పోయి, సాగుభూములు మైదానపు షావుకార్ల చేతికి పోయిన కాలములో, కొమరం భీము "జల్, జంగల్, జమీన్" అని పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద నిజాము పోలీసుల కాల్పులలో మరణించెను. ఆ తరువాత నిజాము ప్రభుత్వము ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్‌ను అక్కడి పరిస్థితులు తెలిసికొనుటకు పంపెను. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో నివసించి, పట్టాలు ఇప్పించుటకు, గోండీలో పాఠశాలలు స్థాపించుటకు కృషిచేసెను. నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల మొరలు వినే దర్బారు 1940లలో ఆయన చొరవతోనే మొదలాయెను. 1987లో మరణించిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో మరణించిన ఆయన అస్థికలను కూడ 2012లో అక్కడికే తెచ్చిరి.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి సమస్యలపై సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వ లెక్క ప్రకారము 13 మంది చనిపోయిరి. అంతకంటె చాల ఎక్కువమంది మరణించిరని ప్రజలు చెప్పుదురు. ఆ స్థూపము నేటికిని వారికి దుఃఖస్థలము. పితరుల స్వాస్థ్యమును అమ్మనని చెప్పి ప్రాణము కోల్పోయిన నాబోతు కథ (1 రాజులు 21) వారికి వివరింపనక్కరలేదు. వినిన వెంటనే అర్థమగును.

ఇందులో మనకు ఒక హెచ్చరిక ఉన్నది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములో భూమి గిరిజనునికి గాని, కేవలము గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమునకు గాని తప్ప ఇతరులకు బదలాయింపబడదు. ఈ చట్టమును జనులు "ఒకటి బై డెబ్బై" అందురు. మందిరము కొరకైనను మైదానపు సంస్థ పేర భూమి కొనుట గాని, ఒక విశ్వాసి పేరు అడ్డము పెట్టుకొనుట గాని చేయరాదు. మంచి ఉద్దేశముతో చేసినను, ఆ గూడెపు కన్నులకు మనము వచ్చినది షావుకారు వచ్చిన దారినే.

6. మనకంటె ముందు వెళ్లినవారు

గోండుల పురాణమును మొదట వ్రాతలో పెట్టినవారిలో ఒకడు క్రైస్తవ సేవకుడే. స్కాట్లండ్ ఫ్రీ చర్చికి చెందిన స్టీఫెన్ హిస్లాప్ 1840లలో నాగపూర్ వచ్చి, ఒక పర్ధాను పాడగా లింగాల్ వృత్తాంతమును సేకరించెను. 1863లో ఆయన నీట మునిగి మరణించగా, ఆయన కాగితములను రిచర్డ్ టెంపుల్ 1866లో ప్రచురించెను. మన తెలుగు ప్రాంతములో దుమ్మగూడెము కేంద్రముగా కోయలలో పరిచర్య చేసిన జాన్ కెయిన్ 1870లలో భద్రాచలము, రేకపల్లి తాలూకాల ప్రజల ఆచారములను గూర్చి పత్రికలో వ్రాసెను. వారు ఆ కాలపు మనుష్యులు, వారి తీర్పులన్నిటిని మనము అంగీకరింపనక్కరలేదు. అయినను బోధించుటకు ముందు విని వ్రాసికొనుట అను మాదిరిని వారు మనకు ఉంచిరి.

దీనికి విరుద్ధమైన మాదిరి కూడ చరిత్రలో ఉన్నది. పసిఫిక్ సముద్రములో గువామ్, మరియానా దీవుల చమోరు ప్రజల యొద్దకు 1668లో స్పెయిన్ దేశపు యేసుసభ గురువు సాన్ విటోరెస్ వెళ్లెను. ఆయనతో సైనికులు కూడ వెళ్లిరి. 1672లో ఆయన చంపబడెను. ఆ తరువాత యుద్ధములు, రోగములు కలిసి ఆ జనసంఖ్యను కొన్ని వేలకు తగ్గించెను. 1898 తరువాత అమెరికా పాలనలో గువామ్ పాఠశాలలలో వారి భాషను నిషేధించిరి. ఇంత జరిగినను చమోరులు తమ విలువలను పోగొట్టుకొనలేదు. అందరి మధ్య సామరస్యమును నిలుపవలెనను "ఇనాఫామౌలెక్", పెండ్లికి చావుకు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొను "చెంచులె", పెద్దల చేతిని ముద్దుపెట్టుకొను మర్యాద నేటికిని వారిలో ఉన్నవి. వారిలో అత్యధికులు కాథలికులు. మరణించినవారి కొరకు జరుగు తొమ్మిది రాత్రుల ప్రార్థనలలో బంధువులందరు కూడుదురు. సంఘము లాగివేయజూచినది కుటుంబము కాపాడెను. చివరకు ఆ కుటుంబపు విలువలే సంఘమునకు బలమాయెను. ఆ ప్రజ అంత నష్టపోకుండనే ఆ పాఠము నేర్చుకొని యుండవచ్చును గదా అనునదే మనకు మిగులు ప్రశ్న.

7. కాపరులకు కొన్ని సూచనలు

యెరూషలేము సభలో అపొస్తలులు అన్యజనులైన విశ్వాసులపై యూదుల ఆచార భారమును మోపలేదు (అపొ. కా. 15). మనము కూడ మైదానపు తెలుగు ఆచారములను సువార్తతో కలిపి కొండలకు మోసికొనిపోరాదు. అదే సమయములో, విగ్రహార్పితముల విషయములో పౌలు కొరింథీయులకు వ్రాసిన హెచ్చరికను (1 కొరింథీ 8, 10) కప్పిపుచ్చరాదు. ఈ రెంటిని పట్టుకొని, ఎదురగు ప్రతి ఆచారమును మూడు భాగములుగా విభజించి చూచుట మేలు.

మొదటిది, బంధుత్వము, మర్యాద. సగ నియమములు, పెద్దలకు వందనము, అతిథి సత్కారము, చావు ఇంటికి కట్టెలు మోయుట, గోండీ భాష, గోండీ పేర్లు. ఇవి విశ్వాసి విడువవలసినవి కావు. విశ్వాసి అయినవాడు ఇతరులకంటె ముందుగా వీటిని నెరవేర్చవలెను.

రెండవది, నేరుగా ఆరాధనయైనది. పెర్సా పేన్‌కు బలి అర్పించుట వంటిది. ఇక్కడ విశ్వాసి తన ఒప్పుకోలును బట్టి నిలుచును. అయితే ఎగతాళి చేయక, వంశ పెద్దలకు ముందుగా ముఖాముఖిగా వినయముతో తెలియజేయుట అతనికి నేర్పవలెను. చెప్పకుండ తప్పించుకొనుట వారికి అవమానము.

మూడవది, రెండును కలిసియున్నది. కోడలి భేటింగ్, దండారి నాట్యము, చావు కర్మలో పర్ధాను కానుక ఇట్టివి. వీటికి బయటి కాపరి ఒక్కడే తీర్పు చెప్పరాదు. గోండు విశ్వాసులే, అందును స్త్రీలు కూడ, కూర్చుండి ప్రార్థనతో ఆలోచించి నిర్ణయింపవలెను. పర్ధానుకు ఇవ్వవలసిన కానుకను పూజతో నిమిత్తము లేకుండ అతని ఇంటికే పంపుట సాధ్యమా? దండారి అతిథులకు అన్నము పెట్టి, నాట్యములోని పూజాభాగము వరకు తప్పుకొనుట సాధ్యమా? క్రొత్త కోడలిని వంశ పెద్దలకు పరిచయము చేయుటకు వేరొక సందర్భము కలదా? ఒక్కొక్క గూడెములో జవాబు ఒక్కొక్క విధముగా ఉండవచ్చును.

న్యాయసంబంధమైన సంగతి కూడ ఒకటి తెలిసియుండవలెను. 1950 నాటి ఉత్తర్వులో షెడ్యూల్డు తెగలకు మతమును బట్టి నిబంధన లేదు. అయితే 2004లో కేరళకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, మతము మారినంత మాత్రాన తెగ సభ్యత్వము పోదని, కాని ఆ వ్యక్తి తెగ ఆచారములను పాటించుచున్నాడా, తెగవారు అతనిని తమవానిగా అంగీకరించుచున్నారా అనునది చూడవలసియుండునని చెప్పెను. మతము మారినవారిని జాబితా నుండి తొలగింపవలెనను డిమాండు కూడ దేశములో ఉన్నది. కావున ఆచారములన్నిటిని ఒక్క మాటతో త్రోసివేయు బోధ విశ్వాసి బంధుత్వమునకే గాక అతని పిల్లల చదువుకు, ఉద్యోగమునకు, భూమికి కూడ ముప్పు తేగలదు. ఆ నష్టము భరించువాడు అతడే గాని బోధించి తిరిగి వచ్చిన మనము కాదు.

ముగింపు

పౌలు ఏథెన్సులో మాటలాడుటకు ముందు ఆ పట్టణమంతయు తిరిగి చూచెను (అపొ. కా. 17:23). గోండుల మధ్యకు వెళ్లు సేవకుడు కనీసము ఒక సంవత్సరపు పండుగలు చూచి, సగలు ఎరిగి, గోండీలో పలుకరింపులైనను నేర్చుకొని, ఒక పర్ధాను పాటను చివరి వరకు విని, అటుపిమ్మట నోరు తెరచుట మంచిది. మన వేదాంత కళాశాలలు కూడ క్షేత్ర పరిచర్యకు పంపు విద్యార్థులకు గోండీ భాషను, గిరిజన భూచట్టమును పాఠ్యాంశములుగా చేర్చవలెను. మన గోదావరి ఒడ్డు నుండి నీరు మోసికొనిపోవు ప్రజను, ఆ నీరు ఎక్కడికి వెళ్లుచున్నదో ఎందుకు వెళ్లుచున్నదో ఎరుగకుండ సేవింపజాలము.